విడిదిలో దొరకని వడ్డన

సముద్రపు ఒడ్డున రాజుగారి విడిది ఉండేది. అక్కడ అతిథికి ఏ లోటూ రాకూడదని రాజాజ్ఞ. కుమ్మరి పైడయ్య పనితనం మెచ్చి, రాజు అతన్ని అక్కడ వారం రోజులు హాయిగా గడపమన్నాడు. వెంట వచ్చిన భార్య నూకాలును మాత్రం, "పిలుపు నీ మొగుడికే" అంటూ విడిది అధికారి ఎండలోనే ఆపేశాడు.

పైడయ్య విస్తరి ముందు కూర్చున్నాడే గానీ ముద్ద ముట్టలేదు.

"ఏం లోటయింది?" అన్నాడు అధికారి.

"ఎదురుగా కూర్చుని తిట్టేవాళ్లు లేందే నాకు ముద్ద దిగదండీ."

అధికారి వంటవాడిచేత తిట్టించాడు.

"బాగానే తిట్టాడండీ. కానీ నేను తినకపోతే నాతోపాటు పస్తుండేది అతను కాదుగా! రాజుగారు అడిగితే ఈ లోటు చెప్పాలి మరి."

అధికారి హడలిపోయి నూకాలును పిలిపించాడు.

"కూడు ముందు పెట్టుకుని మారామేంటయ్యా? తిను!" అని కసిరిందామె.

పైడయ్య నవ్వి, తొలిముద్ద ఆమె నోటికే అందించాడు. అధికారి రెండో విస్తరి వేయించాడు.