ఇద్దరు దొరలకు ఒకటే కుర్చీ

మొగలికోట నీలాద్రి రాజుగారికి ముచ్చట పుట్టిందంటే దివాణానికి ముచ్చెమటలు పట్టేవి.

ఆ ఏడు దసరా దర్బారుకి తమ సింహాసనం కుడి పక్కన ఎర్ర మఖమలు కుర్చీ ఒకటి వేయించారు. "దీంట్లో తెల్లదొర కూర్చోవాలి. అది చూసి చుట్టుపక్కల జమీందార్లంతా కుళ్ళుకోవాలి" అన్నారు.

దివాను అచ్యుతరావు పంతులుకి ఎవరినీ కాదనలేని జబ్బు. రేవులో గిడ్డంగి పెట్టుకున్న ఇంగిలీషు బార్టన్ దొరకి "కుర్చీ మీదే" అని పొద్దున మాటిచ్చాడు. ఏటి అవతల దండు దించుకున్న పరాసు దొర, అంటే ఫ్రెంచి వాడు, లావాల్‌కీ సాయంత్రం అదే మాటిచ్చాడు.

పండగనాడు ఇద్దరూ ఒక్కసారే వచ్చారు. బార్టన్ దొర వెండి పళ్ళెం కానుకగా తెచ్చాడు. లావాల్ దొర నిలువుటద్దం మోయించుకొచ్చాడు. కానుకలు అలా దించారో లేదో, కుర్చీ కుడి చెయ్యి ఒకరు పట్టుకున్నారు, ఎడమ చెయ్యి ఇంకొకరు పట్టుకున్నారు.

"ఇంగ్లండు ముందర పరాసులెంత? కప్పలు తినే జాతి!" అన్నాడు బార్టన్ దొర.

"ఉప్పూ కారం తెలియని జాతి! మాంసం ఉడకేసుకోవడమే వీళ్ళకి వంట!" అన్నాడు లావాల్ దొర.

రాజుగారు దుబాసీ గుర్నాథం వైపు చూశారు. రెండు భాషలూ తెలిసినవాడు కోట మొత్తానికి అతనొక్కడే.

"ఏమంటున్నారోయ్?"

"వంటల గురించి ముచ్చటించుకుంటున్నారు ప్రభూ" అన్నాడు గుర్నాథం, తలవంచుకుని.

అంతలో బార్టన్ దొర కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. లావాల్ దొర కూడా వేశాడు. అది అర్థం కావడానికి దుబాసీ అక్కర్లేదు.

రాజుగారి ముఖం పాలిపోయింది. రేవులో ఇంగిలీషు ఓడ, దాని నిండా ఫిరంగులు. ఏటి అవతల పరాసు సిపాయిలు. ఏ ఒక్కడు అలిగి వెళ్ళినా తెల్లారేసరికి కోటగోడ ఉండదు.

"పంతులూ, ఏమిటిది?"

దివాను క్షణం ఆలోచించలేదు. "భాషల తగువు ప్రభూ! దుబాసీయే తీర్చాలి."

"అయితే తీర్చు గుర్నాథం! తీర్చావా, శాలువా కప్పుతాను. లేదా, ఆ ఇద్దరి ఫిరంగుల మధ్యా నిన్నే నిలబెడతాను."

గుర్నాథానికి దివాను మెడ పిసికేద్దామా అనిపించింది గానీ దానికి తీరికేదీ? ఇటు చూశాడు, అటు చూశాడు. వెండి పళ్ళెం మీద కళ్ళు ఆగాయి. దాని మీద ఇంగిలీషు రాజముద్ర చెక్కి ఉంది. ఒక సింహం, ఒక ఒంటికొమ్ము గుర్రం, వాటి కాళ్ళ కింద ఏవో అక్షరాలు.

గుర్నాథం పెదవి చివర చిన్న నవ్వు మొలిచింది. పళ్ళెం తీసుకెళ్ళి లావాల్ దొర ముందు పట్టాడు.

"దొరా, ఈ అక్షరాలు కాస్త చదివి పెడతారా?"

లావాల్ దొర చదివాడు. చదివి ఎగిరి గంతేశాడు. "'దేవుడూ, నా హక్కూ' అని ఉంది. ఇది మా భాష! ఇంగిలీషు రాజు ముద్ర మీద మా పరాసు భాష!"

బార్టన్ దొర బుగ్గలు కందిపోయాయి. "ఉంటే ఏం? మా రాజు బిరుదుల్లో పరాసు దేశానికి రాజు అని కూడా ఉంది. ఆయన భాషలు ఆయనిష్టం!"

"అంటే ఈ లావాల్ దొర మీ రాజుగారి మనిషే అన్నమాట" అన్నాడు గుర్నాథం.

"ముమ్మాటికీ!"

"అబద్ధం!" అని అరిచాడు లావాల్ దొర. "వెనకటికి మా గడ్డ మీది ప్రభువొకాయన సముద్రం దాటి వెళ్ళి ఇంగ్లండుని గెలిచాడు. వీళ్ళ రాజరికం ఆయన పెట్టిన భిక్ష!"

"అంటే ఈ బార్టన్ దొర మీ వాళ్ళ మనిషే అన్నమాట."

"సందేహమా!"

గుర్నాథం రాజుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. తెలుగులో ఒకసారి, ఇంగిలీషులో ఒకసారి, పరాసులో ఒకసారి, అందరికీ వినపడేలా చెప్పాడు:

"ఇది దేశాల తగువు కాదు ప్రభూ, దాయాదుల తగువు!"

అని, సింహాసనం ముందు పరిచిన తివాసీ వైపు చెయ్యి చూపించాడు.

"ఒకే ఇంటివాళ్ళు వాటాలు తేల్చుకోకుండా వస్తే మన దివాణంలో పెద్దపీట ఎవరికీ వెయ్యం. ఇద్దరినీ ఒకే తివాసీ మీద కూర్చోబెడతాం. కాదూ, మేము పరాయివాళ్ళమే అంటారా, సరే. 'వాడికీ మాకూ ఏ సంబంధమూ లేదు' అని ముందు ఎవరంటే వారిదే కుర్చీ."

బార్టన్ దొర నోరు తెరిచాడు. పక్కనే ఓడ కప్తాను నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆ మాటన్నాడంటే సొంత రాజు బిరుదు నిండు సభలో ఊడగొట్టినట్టే. నోరు మూశాడు.

లావాల్ దొర కూడా నోరు తెరిచాడు. వెనకాల వాళ్ళ సిపాయిలు చెవులు రిక్కించారు. ఆ మాటన్నాడంటే ఇంగ్లండుని గెలిచిన ఘనత సముద్రంలో కలిసినట్టే. అతనూ నోరు మూశాడు.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు కుర్చీ మీది చేతులు జారాయి, తర్వాత కత్తుల మీదివి. బిగుతు లాగుల్లో మోకాళ్ళు వంగక ఆపసోపాలు పడుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని తివాసీ మీద చతికిలబడ్డారు.

రాజుగారికి నవ్వు ఆగలేదు. తలపాగా జారిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ నవ్వుతోనే తూలుతూ వచ్చి, భుజం మీది జరీ శాలువా తీసి గుర్నాథానికి కప్పారు.

"మీ రాజుగారెందుకు నవ్వుతున్నారు?" అని తివాసీ మీది నుంచి ఇద్దరూ ఒక్క గొంతుతో అడిగారు.

"విడిపోయిన అన్నదమ్ములు కలిశారని సంతోషం దొరా!" అన్నాడు గుర్నాథం. ఆ మాట తెలుగులోకి మార్చి చెప్పేసరికి దర్బారు దర్బారంతా గొల్లుమంది.