జబ్బ మీది మందుకు తొలి మర్యాద

నీలాద్రిపాలెం రాజావారికి ఒక పిచ్చి ఉండేది. సంస్థానంలోకి కొత్తగా ఏది వచ్చినా తొలి మర్యాద తనకే జరగాలి. తొలికాపు మామిడిపండు తనే కొరకాలి, కొత్త పల్లకీ తనే ఎక్కాలి. ఒక ఏడు తొలకరి చినుకు తనకంటే ముందు ఏనుగు మీద పడిందని ఏనుగుతో మాట్లాడ్డం మానేసిన మనిషాయన.

అలాంటి రాజావారి కోటకు మశూచి టీకా మందు వచ్చింది. సన్నటి గాజు గొట్టాల్లో పోసి, మైనంతో మూతులు మూసి, తడి అరటిదొప్పల్లో చుట్టి, రేవు పట్నం నుంచి బోయీలు పరుగున తెచ్చారు.

"మహాప్రభో, ఇది నిలవుండే సరుకు కాదు," అన్నాడు వెంట వచ్చిన టీకాల వైద్యుడు జోగిపంతులు. "తొందరగా పిల్లల జబ్బలకు వేసేయాలి. వారం తిరిగేసరికి ఆ పొక్కుల్లోంచే ఇంకొందరికి మందు దొరుకుతుంది. జబ్బ నుంచి జబ్బకు పోతూ ఉంటేనే ఇది బతుకుతుంది."

"బాగుంది. తొలి టీకా మాకే," అన్నారు రాజావారు.

పంతులు చురకత్తి బయటికి తీశాడు. రాజావారు దాన్ని చూశారు.

"ముహూర్తం చూడాలి కదా," అన్నారు.

దివాన్ జగ్గప్పరాజుకు ప్రభువుల మనసు వాళ్ళు నోరు విప్పకముందే తెలుస్తుందని పేరు. ఆ పేరు ఆయన తనకు తానే పెట్టుకున్నాడు.

"ఇవాళ మంగళవారం, పనికిరాదు. రేపు అష్టమి," అన్నాడు. "ప్రభువులకు పడకముందు మరొకరికి పడితే మర్యాద తప్పినట్టే. అందాకా మందు ఖజానాలో ఉంటుంది."

తాళం పడింది.

ఈ కబురు రాజావారి వంటశాలలో గవరమ్మకు చేరింది. రాజావారు తినే ప్రతి వంటకం ముందు రుచి చూడటం ఆవిడ కొలువు. ఆవిడ తిని నిక్షేపంగా నిలబడితేనే అది రాజావారి విస్తట్లో పడుతుంది.

మర్నాడు వంటశాల వెనక గుమ్మం దగ్గరికి గవరమ్మ కూతురు సింహాచలం పరుగెత్తుకొచ్చింది. చంకలో పిల్ల, వెనక సాలెవీధి ఆడవాళ్ళు, వాళ్ళ చంకల్లోనూ పిల్లలు.

"అమ్మా, మా పక్కింట్లో అమ్మవారు పోసింది. నడుమ గోడ ఒక్కటే అడ్డం. మందు కోటలో ఉందంట కదే."

"ఉంది. తాళం లోపల చల్లగా ప్రాణం విడుస్తోంది," అంది గవరమ్మ. మనవరాలి బుగ్గ తాకబోయి, చేతికి మసాలా ఉందని ఆగిపోయింది. "ఇక్కడే ఉండండి. బంతి లేచేదాకా ఎవరూ కదలొద్దు."

లోపల భోజనాల బంతి. మొదట రాజావారు, పక్కన దివాను, తర్వాత సేనాపతి, పురోహితుడు, ఇలా హోదా వరసన గుమ్మం దాకా విస్తళ్ళు. గవరమ్మ పులుసు రుచి చూసి ఊరుకుంది.

"ఏం గవరమ్మా, ఇవాళ నోరు మెదపవేం? ఉప్పెక్కువైందా?" అన్నారు రాజావారు.

"పులుసు బాగుంది బాబూ. నా కొలువు పోయేలా ఉందని దిగులు."

"ఎవరు తీస్తారు?"

"నోటితో తినేదాన్ని, తేడా వస్తే కక్కెయ్యొచ్చు. దానికే ముందు నేనుండాలి. జబ్బ గీరి నెత్తుట్లో కలిపే మందును మాత్రం ఎవరూ చూడకుండానే తమకు పెడతారట. కక్కడానికి కూడా దారి లేదు. ఇక పులుసుకు మాత్రం నేనెందుకు?"

రాజావారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"తొలి మర్యాద ప్రభువులది," అన్నాడు దివాను. "ఎవరుపడితే వాళ్ళు ముందు వేయించుకుంటే ఎలా?"

గవరమ్మ తల వంచుకుంది.

"ఇన్నేళ్ళుగా తమ పాయసం నేనే ముందు తింటున్నాను బాబూ. నన్నెవరూ రాణీ అనలేదు."

రాజావారు నవ్వాపుకోలేకపోయారు. "నిజమే. అయితే మందు కూడా నువ్వే చూడు."

"నాకు చిన్నప్పుడే అమ్మవారు పోసింది. ఈ మచ్చలు చూడండి, నాకు టీకా అంటదట. అయినా ప్రభువుల నెత్తుట్లో కలిసే మందు. తమ పక్క విస్తరి వారు చూడటమే న్యాయం. దివాన్‌గారి హక్కు నేనెలా లాక్కుంటాను?"

దివాను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "నాకు రెండ్రోజులుగా జలుబు. సేనాపతిగారిది ఉక్కు శరీరం."

"నాది కత్తి పట్టే జబ్బ. వాస్తే రాజ్యం ఏమైపోవాలి?" అన్నాడు సేనాపతి. "పురోహితులవారు..."

"నేను మడిలో ఉన్నాను నాయనా."

గౌరవం ఒక్కో విస్తరీ దాటుకుంటూ కిందికి జారింది. గజశాల అధికారికి ఏనుగు గుర్తొచ్చింది. వీణ విద్వాంసుడికి వేళ్ళు గుర్తొచ్చాయి. చిట్టచివర ద్వారపాలకుడు పక్కకు చూశాడు. అక్కడ గుమ్మం తప్ప ఎవరూ లేరు.

"గుమ్మం బయట సాలెవీధి వాళ్ళున్నారు బాబూ," అంది గవరమ్మ. "పిల్లల జబ్బలు సిద్ధంగా పెట్టుకున్నారు. తోసెయ్యడానికి వాళ్ళ పక్కన ఎవరూ లేరు."

రాజావారు బంతినంతా ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకు చూశారు. "ఖజానా తెరవండి," అన్నారు.

సింహాచలం కూతురికి తొలి టీకా పడింది. పిల్ల గుక్కపెట్టి ఏడ్చి, బెల్లం ముక్క చూసి మానేసింది.

"రుచి చూడటం అయింది," అన్నాడు దివాను చప్పున. "మిగతా గొట్టాలు మళ్ళీ లోపల పెట్టించండి."

"పులుసు చూస్తే పాయసం చూసినట్టా దివాన్‌గారూ? ఏ గిన్నెకు ఆ గిన్నె చూడాలి."

గొట్టాలన్నీ తెరిచారు. సాలెవీధి పిల్లలంతా ఏడ్చారు. అన్నీ అయిపోయాక రాజావారికి అనుమానం వచ్చింది.

"మరి మాకేదీ?"

"ఎక్కడికి పోతుంది బాబూ," అంది గవరమ్మ. "వారం తిరిగేసరికి ఈ పిల్లల జబ్బల్లో తాజాగా తయారవుతుంది. అందాకా తమ ఖజానా సాలెవీధిలో ఉంది."

పంతులు అవునన్నట్టు తలూపాడు. రాజావారు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు చూసి బంతంతా నవ్వింది, విస్తరి మీదికి వంగిపోయిన దివాను తప్ప.

"గవరమ్మా, ఇవాల్టినుంచి సంస్థానంలో టీకా ఏ వీధికి ముందో నువ్వే చెప్పాలి," అంటూ రాజావారు తన వేలి పచ్చల ఉంగరం తీసి ఆవిడ అరచేతిలో పెట్టారు. "దివాన్‌గారూ, ఖజానా ఎక్కడుంటే మీరక్కడుండాలి కదా. రోజూ పొద్దున్నే మన గోశాల పాలు సాలెవీధికి మోయించండి. పిల్లలు తాగేదాకా దగ్గరుండండి."

దివాను గొంతు సవరించుకున్నాడు. "తప్పకుండా ప్రభూ. ముహూర్తం చూసి..."

"ముహూర్తం గవరమ్మ చెబుతుంది," అన్నారు రాజావారు.

"పాలు విరిగిపోకముందే బాబూ," అంది గవరమ్మ.