సైదులు సాహెబు వేలిముద్ర

కోటిలింగం దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో నలభై ఒక్కమంది విద్వాంసుల సంతకాలు. ఎక్కడ పెద్ద కచేరీ జరిగినా బస్సెక్కి వెళ్ళేవాడు. సంతకం దొరికితే గాని తిరిగి వచ్చేవాడు కాదు. ఒక వయొలిన్ విద్వాంసుడు తెగిన తీగను కవర్లో పెట్టి, పైన తన పేరు రాసి ఇచ్చాడు. దాన్నీ భద్రంగా దాచుకున్నాడు.

మొదటి పేజీ మాత్రం గురువు కోసం వదిలాడు. ఆయన షేక్ సైదులు సాహెబు. నరసరావుపేట వైపు నాదస్వరం మాట వస్తే ముందు ఆయన పేరే చెప్పేవారు. కోటిలింగం ఆరేళ్ళుగా ఆయన శిష్యుడు. మరో పది రోజుల్లో మొదటిసారి సొంతంగా కచేరీ చెయ్యబోతున్నాడు. ఈలోపు ఆ పేజీ నిండాలని అతని ఆశ.

ఒక ఉదయం పుస్తకం తెచ్చి గురువు ముందు పెట్టాడు.

“నాకు రాయడం రాదని తెలుసుగా. రేషను కొట్లోనూ వేలిముద్రే,” అన్నాడు సాహెబు.

“తెలుసు గురువుగారూ. ఇంకుప్యాడ్ తెచ్చాను.”

సాహెబు నవ్వాడు. పేజీలన్నీ తిప్పించుకుని చూశాడు. చివరి సంతకం ఎవరిదని అడిగాడు.

“మొన్న గుంటూరులో వాయించినాయనది. తోడి రాగం అద్భుతంగా వాయించారండీ.”

“గాంధారం మీద ఎలా నిలబడ్డాడు?”

“అప్పటికే లేచి వెళ్ళిపోయాను. ముందుగా స్టేజి వెనక్కి చేరకపోతే జనంలో దొరకరు.”

సాహెబు ఇంకుప్యాడ్‌కు మూత పెట్టేశాడు.

“ముద్ర వేస్తాను. వాద్యం తీసుకో.”

శిష్యుడి వెనక కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి, అతని వేళ్ళ మీద తన వేళ్ళు ఆనించాడు. తోడి ఊదమన్నాడు. గాంధార స్వరం దగ్గర ఆ ముసలి వేలు అతని వేలిని గట్టిగా నొక్కింది.

“ఎత్తకు. జరుపు. ఇంకా కొంచెం. ఆఁ, అక్కడే ఉండు.”

ఎండ వసారా దాటి గదిలోకి వచ్చేదాకా అదొక్కటే. మర్నాడూ అంతే. తొమ్మిదో రోజున సాహెబు తన చేతులు తీసేశాడు. కోటిలింగం ఒక్కడే ఊదాడు.

“వేశాను. ఇక వెళ్ళి వాయించు,” అన్నాడు గురువు.

కోటిలింగం పుస్తకం వైపు చూశాడు. మనసు చిన్నబోయింది గానీ, అడగలేకపోయాడు.

కచేరీ పొన్నూరు దగ్గర ఒక గుడి కల్యాణోత్సవంలో. ఒంట్లో బాగాలేక సాహెబు రాలేదు. ముందు వరసలో బాలకోటయ్య అనే ముసలి డోలు విద్వాంసుడు కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు సాహెబుకు డోలు వాయించినవాడు. ఇప్పుడు చూపు లేదు. కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

కోటిలింగం తోడి ఎత్తుకున్నాడు. ఎక్కడా తడబడలేదు. గాంధారం చేరాక తొందరపడకుండా అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఊపిరి కోసం ఆగాడు.

ఆ నిశ్శబ్దంలో బాలకోటయ్య తలెత్తి, కూతుర్ని అడిగాడు.

“సైదులు ఎప్పుడొచ్చాడమ్మా? రానని కబురు పంపాడే.”

కోటిలింగం విన్నాడు. నిండుగా ఊపిరి తీసుకుని, మళ్ళీ గాంధారం మీదికే వచ్చాడు.