చప్పుడు లేని బండి

సాలూరులో ఖాసిం మేస్త్రి షెడ్డు ముందు ఆ పికప్పు రెండోసారి వచ్చి ఆగేసరికి వరహాలు చేతిలో టీగ్లాసు చేతిలోనే ఉండిపోయింది. తను బాగుచేసి పంపి పది రోజులు కాలేదు.

బండి దిగిన సుక్రు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొండమీద వాళ్ల ఊరికి ముందు ఎర్రమట్టి ఎక్కుడు ఒకటుంది. వాన పడి అది మెత్తబడింది. ఎడమ చక్రం బురదలో గిర్రున తిరుగుతూ ఉంటే, కుడి చక్రం గట్టినేల మీద ఉండి కూడా చోద్యం చూసిందట. బండి వెనక్కి జారింది. అతని పెళ్లాం దూకి రాయి అడ్డం పెట్టకపోతే లోయే. ఇదంతా నెమ్మదిగా చెప్పి, ఆఖర్న అసలు సంగతి చెప్పాడు. కూతురికి నెలలు నిండాయి. రేపు పొద్దున్న కొండ దించి ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఊరికి ఇంకో బండి ఎక్కదు.

"రేపటికి అయిపోద్దా అమ్మా?" అన్నాడు.

అయిపోతుందని వరహాలు నోరు చెప్పింది. గుండె మాత్రం ఏ మాటా ఇవ్వలేదు.

ఆ పికప్పు వెనక ఇరుసులో, రెండు చక్రాల నడుమ ఉండే డిఫరెన్షియల్‌లో పలచని ప్లేట్లు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. ఒక చక్రం జారితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని రెండో చక్రానికి బలం అందించాలి. ఆ పట్టు సడలిందనే సుక్రు మొదటిసారి తెచ్చాడు. ఖాసిం మేస్త్రికి మోకాళ్లు అరిగి, బండి కింద పనిచేసే గుంతలోకి దిగడం మానేసి చాలాకాలమైంది. వరహాలే దిగి, విప్పి, కొత్త ప్లేట్లు వేసి బిగించింది.

పదకొండేళ్ల కిందట ఆ షెడ్డుకి టీ ఇవ్వడానికి వచ్చి స్పానరు పట్టుకుని ఉండిపోయిన మనిషి ఆమె. ఆ వీధిలో ముప్పై షెడ్లున్నాయి. ఆడమనిషి ఆమె ఒక్కతే. మగాడు బాగుచేసిన బండి మూలిగితే బండి పాతది అంటారు. ఆడది బాగుచేసిన బండి మూలిగితే, ఆడది చేసింది మరి, అంటారు. అందుకే ఆమె ఒక పంతం పట్టింది. తన చేతి మీదుగా వెళ్లిన బండి కిక్కురుమనకూడదు.

కానీ కొత్త ప్లేట్లు వేసినరోజు ఆ పికప్పు వీధి మలుపు తిరుగుతూ గట్టిగా మూలిగింది. పక్క షెడ్డు గవిరినాయుడు కాచుకునే ఉన్నాడు. "ఏటి వరాలూ, బండికి పురిటినొప్పులా?" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది.

ఆమె బండిని వెనక్కి పిలిచింది. ఆ ప్లేట్ల రాపిడి తగ్గించే నూనె చిన్న సీసాల్లో వస్తుంది. బండికి ఒక సీసా చాలు. ఆమె రెండోది పోసింది. ఇంకా కొంచెం మూలిగితే మూడోది పోసింది. బండి నోరు మూసుకుంది, గవిరినాయుడూ నోరు మూసుకున్నాడు. ఆ మూడు ఖాళీ సీసాలనూ కిటికీలో వరసగా నిలబెట్టింది, పోటీలో గెలిచిన కప్పుల్లాగా.

ఇప్పుడు మళ్లీ గుంతలోకి దిగింది. నూనె దించింది, డిఫరెన్షియల్ విప్పింది. ఒక్కో ప్లేటూ తీసి మందం కొలిచింది. ఒక్కటీ అరగలేదు. స్ప్రింగులు చూసింది. బాగున్నాయి. ప్లేట్లు నకిలీవేమోనని సామాన్ల కొట్టువాడికి ఫోన్ చేసి నిలదీసింది. వాడు డబ్బామీద నంబరు చదివించి, నీ చేతిలో లోపానికి నా సరుకునంటావా అని పెట్టేశాడు. మళ్లీ కొలిచింది. మళ్లీ అంతే వచ్చింది.

గుంతలోంచి తలెత్తినప్పుడల్లా కొండలమీద మబ్బు ఇంకాస్త కిందికి దిగి కనిపించింది. సుక్రు పాత టైరుమీద కూర్చున్నాడు. అన్నం తినలేదు, తొందరపెట్టలేదు. అతన్ని చూసినకొద్దీ ఆమెకి ఒకటే కనిపించింది. లోయ అంచున వెనక్కి జారుతున్న బండి, అందులో పడుకున్న పిల్ల. కళ్లు మూసినా తెరిచినా అదే.

మధ్యాహ్నం మూడు దాటాక ఇక ఉండబట్టలేక అడిగింది.

"అన్నీ సరిగ్గా ఉన్నాయి గురువుగారూ. నా పనిలో వంక లేదు. మరెందుకు పట్టదు?"

ఖాసిం మేస్త్రి పీటమీద కూర్చుని కార్బరేటరేదో తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"మొదటిసారి బిగించాక ఏమంది బండి?"

"మూలిగింది. మాన్పించాను."

ఆయన కార్బరేటరు పక్కన పెట్టాడు. మోకాళ్లు పట్టుకుని లేచి, గుంత అంచుదాకా వచ్చి, ఒక చెయ్యి ఇనప కమ్మీకి వేసి రెండోది ఆమెకి చాచాడు.

"పైకి రా."

గుంతకి మెట్లున్నాయి. పదకొండేళ్లలో ఆయన ఎప్పుడూ చెయ్యివ్వలేదు. అయినా గురువు చాచిన చెయ్యి. ఆమె పట్టుకుని కాలు ఎత్తింది. ఆమె అరచేతులనిండా ఆ దించిన నూనె. చెయ్యి సబ్బుముక్కలా జారింది. ఆమె వెనక్కి పడి మోచెయ్యి గోడకి కొట్టుకుంది. పక్క షెడ్డులో ఎవడో నవ్వాడు.

ఆయన చెయ్యి అలాగే ఉంది. ఆమె గుడ్డతో తుడుచుకుని మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది. ఈసారి కళ్లలో నీళ్లొచ్చాయి, నొప్పికి కాదు. పొద్దు పోతోంది, ముసలాయనకి ఇప్పుడా ఆటలు, అనుకుంది.

ఖాసిం మేస్త్రి పక్కకి వంగి, నిప్పు ఆర్పడానికి ఉంచే బకెట్లోంచి గుప్పెడు ఇసుక తీశాడు. సగం ఆమె అరచేతిలో వేశాడు. సగం తన చేతిలోనే ఉంచుకున్నాడు. మళ్లీ చెయ్యి చాచాడు.

ఆమె పట్టుకుంది. రెండు చేతుల మధ్య ఇసుక కరకరమంది. అరచెయ్యి మండింది. ఆ ముసలి చెయ్యి ఆమెని నిలువునా లాగి అంచుమీద నిలబెట్టింది.

"నొప్పెట్టిందా?"

"పెట్టింది."

"నాకూ," అని ఆయన వెళ్లి పీటమీద కూర్చున్నాడు.

వరహాలు అక్కడే నిలబడి చేతిలో ఇసుకని చూసింది. తరవాత కిటికీలోని మూడు సీసాలని చూసింది. ఒక్కటి చాలినచోట మూడు.

చేతులు మూడుసార్లు కడిగింది. ప్లేట్లన్నీ కిరసనాయిల్లో జాడించి, ఆరబెట్టి, కొత్త గేరు నూనెలో నానబెట్టింది. హౌసింగు డొప్ప లోపల పాత జిడ్డు చుక్క లేకుండా తుడిచింది. బిగించాక ఒక్క సీసా పోసింది. ఎడమ చక్రాన్ని జాకీమీద లేపి, సుక్రుని పిలిచి తిప్పమంది. పొద్దున్న విప్పకముందు ఒంటిచేత్తో తిరిగిన చక్రం, ఇప్పుడు రెండు చేతులూ వేసి నడుం వంచి తోసినా కదల్లేదు.

బండి వీధి మలుపు తిరిగింది. మూలిగింది.

ఆమె చెయ్యి అలవాటు కొద్దీ కొత్త సీసాలున్న అల్మారా వైపు లేచింది. లేచి, ఆగింది.

సుక్రు బండి ఆపి తల బయటపెట్టాడు. "మళ్లీ చప్పుడొస్తంది గదమ్మా."

"రానీ. ప్లేట్లు పట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు బొత్తిగా ఆగిపోతే మాత్రం నీ పిల్లని ఎక్కించకు."

గవిరినాయుడు గుమ్మంలోకి వచ్చాడు. "మళ్లీ నొప్పులు మొదలైనట్టున్నాయే."

"అయ్యాయి నాయుడూ. మంత్రసాని పనికి నువ్వొస్తావా?" అంది. నవ్వు ఈసారి అటు తిరిగింది. ఆమె మాత్రం నవ్వలేదు.

మర్నాడు తెల్లవారకముందే వాన పట్టుకుంది. ఏడింటికల్లా వస్తామన్నాడు సుక్రు. ఎనిమిదైంది. ఫోన్ చేస్తే అందలేదు, కొండమీద ఎప్పుడూ అందదు. తొమ్మిదైంది. వరహాలు ఒక లారీ చక్రానికి బిగించిన నట్టే మళ్లీ బిగిస్తూ కూర్చుంది. మలుపు దగ్గర బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఏ బండీ మూలగలేదు. ఒక్కో నిశ్శబ్దానికీ ఆమె ప్రాణం ఇంత దిగిపోయింది. మూడు సీసాలు కాదు, ఒకటి కూడా ఎక్కువేమో. నిన్న ఇంకోసారి కడగాల్సిందేమో. ఆ ఎక్కుడు మీద ఇప్పుడు రాయి పెట్టడానికి ఎవరున్నారు?

పదిన్నరకి మలుపులో ఏదో మూలిగింది.

ఆమె స్పానరు వదిలేసి వీధిలోకి, వానలోకి వచ్చింది. పికప్పు అద్దాలదాకా ఎర్రమట్టి. వెనక టార్పాలిన్ కింద ఇద్దరు ఆడవాళ్లు ఒక పిల్లని పట్టుకుని కూర్చున్నారు. సుక్రు ఆపలేదు. కిటికీలోంచి చెయ్యి మాత్రం ఎత్తి, మూలుగుతూనే ఆసుపత్రి వైపు తిరిగిపోయాడు.

షెడ్డులో ఖాసిం మేస్త్రి ఇటు వీపు పెట్టి టీ తాగుతున్నాడు.

"ఎవరు చేశారమ్మా ఆ బండి? అంత గోల పెడుతోంది."

వరహాలు మొహంమీద వాన తుడుచుకుంది.

"నేనే, గురువుగారూ."