మైలుతుత్తం

"ఎక్స్‌రేలో కనబడ్డాక ఇంకా వాదనేంటి మాష్టారూ?" అని అడిగినవాణ్ణి నేనే. ఆనాటి నా గొంతు తలచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

కొండలరావు మాష్టారు వాదించే మనిషి కాదు. ప్రశ్న వేస్తే చేతికేదో పని తగిలించేవారు. ఆయన ప్రయోగశాలలో స్ఫటికాల మీద ఎక్స్‌రేలు పంపి, అణువులో ఏ పరమాణువు ఎక్కడుందో తేల్చే పని నాది. ఎవరు ఏం తయారుచేసినా చివరికి నా తీర్పు కోసం కాచుకునేవాళ్లు. దాంతో నాకు కళ్లు నెత్తికెక్కాయి.

శేషారత్నం అనే అమ్మాయి రెండేళ్లు కష్టపడి, రాగిని నాలుగు నైట్రోజన్ల మధ్య కూర్చోబెట్టానంటూ కొత్త పదార్థాన్ని చిన్న సీసాలో తెచ్చిచ్చింది. అందులోంచి ఒక పలుకు ఏరి చూశాను. ప్రతి సోమవారం జరిగే సమావేశంలో అందరి ముందూ లేచి, "రెండేళ్లు కాచి కాచి మన శేషారత్నం చేసింది మైలుతుత్తమండీ! ఎరువుల కొట్లో అడిగితే పొట్లం కట్టిస్తారు," అన్నాను. గది గదంతా గొల్లుమంది.

"ఇంకో పలుకు చూడవా అన్నా?" అని ఆ పిల్ల సన్నగా అడిగింది. వినిపించుకుంటేనా! మర్నాడు పొద్దున్నే, పరిశోధన మానేస్తున్నానని మాష్టారికి ఉత్తరం రాసిచ్చింది. ఆయన నన్ను పిలిచి ఆ ఉత్తరం చూపిస్తే, నేను వేసిన ప్రశ్నే మొదట చెప్పింది.

ఆయన సీసా తెప్పించి తెల్లకాగితం మీద బోర్లించారు. కుప్పంతా ఆకుపచ్చ. అందులో రెండో మూడో నీలం పలుకులు.

"నువ్వు చూసిందేదిరా?"

నీలందాన్ని చూపించాను.

"పచ్చవేం పాపం చేశాయి?"

"అవి సన్నగా, పగుళ్లు పట్టి ఉన్నాయండీ. ఇదైతే అద్దంలా..." అంటూ ఉండగానే నా తప్పు నాకే తట్టింది. మంచి పలుకు ఏరడమే మా విద్య. ఏరింది కుప్పలోని సరుకేనా అని చూసుకోవద్దూ? ఛీ, నాదీ ఒక చదువేనా!

ఆయన సూది నా చేతికిచ్చారు. పచ్చదాన్ని ఏరి యంత్రంలో పెట్టాను. పాడు పలుకు, నానా తిప్పలూ పెట్టింది. ఆదివారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. నాలుగు నైట్రోజన్లు, మధ్యలో రాగి, అచ్చం ఆ పిల్ల నోటుపుస్తకంలో గీసుకున్నట్టే. నేను చూసిన నీలం పలుకు, ఆమె ముడిసరుకుగా వాడిన మైలుతుత్తంలో కరగక మిగిలిన నలుసు.

సిగ్గుతో చచ్చిపోయాను. కాగితాలు పట్టుకుని మాష్టారింటికి పరుగెత్తాను.

"ఆ అమ్మాయి పెట్టె సర్దుకుంటోందటండీ. ఇప్పుడే హాస్టలుకి వెళ్లి, పక్కకి పిలిచి, తప్పయిపోయిందని చెప్పి వస్తాను."

మాష్టారు కాగితాలు ఆసాంతం చూసి, మడిచి నా చేతికిచ్చారు.

"రేపు సోమవారమే కదరా. హాస్టల్లో ఎవరు నవ్వారని?"