మంచుకోట పెట్టెలో జలపాతం

వినండి పిల్లలూ. మీ తాతలకి తాతలు కూడా పుట్టకముందు, సముద్రం ఒడ్డున ముత్యాలరేవు అనే రాజ్యం ఉండేది. దాన్ని విశాలవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భద్రకీర్తి, రెండోవాడు వీరకీర్తి, చిన్నవాడు మణికీర్తి.

ఉండగా ఉండగా రాజుకి కళ్ళు మసకబారసాగాయి. రాజవైద్యుడు పసరు పోశాడు, లేపనం రాశాడు, చివరికి చేతులు కట్టుకుని, "మహారాజా, ఇంకో ఏడాది చూపు నిలుస్తుంది. ఆ తరవాత నా చేతిలో లేదు" అన్నాడు.

రాజు కొడుకుల్ని పిలిచాడు. "నాయనలారా, నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ నన్ను ఉత్తరాన ఏడు కనుమల అవతల ఉన్న వెండికోన అనే ఊరికి తీసుకెళ్ళింది. అక్కడ మబ్బుల్లోంచి పాలు ఒంపినట్టు ఒక జలపాతం దూకుతుంది. దాని పక్కన కొండవాలంతా నీలిపూలే. ఆ ఊరివాళ్ళు కొయ్యముఖాలు తగిలించుకుని, రెండు నిలువుల పొడుగున్న కొమ్ముబూరలు ఊదుతూ జాతర చేస్తారు. చూపు పోయేలోగా ఇంకొక్కసారి అవన్నీ చూడాలనుంది. ఎవరైనా ముందు వెళ్ళి దారి చూసి రండి" అన్నాడు.

భద్రకీర్తి గుర్రమెక్కి వెళ్ళాడు. నెలన్నరకి తిరిగొచ్చి, "నాన్నగారూ, అక్కడ జలపాతమూ లేదు, పూలూ లేవు. ఎండిపోయిన కొండ ఉంది, అంతే" అన్నాడు. వీరకీర్తి గుర్రమెక్కి వెళ్ళాడు. అతనూ నెలన్నరకి తిరిగొచ్చి, "అన్నయ్య చెప్పింది నిజమే" అన్నాడు.

"అయితే అది నేను కన్న కలేమో" అని రాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూసేసరికి మణికీర్తికి గుండె కలుక్కుమంది. "నేనూ ఒకసారి చూసొస్తాను నాన్నగారూ" అని బయల్దేరాడు.

మొదటి కనుమలో వాన, రెండో కనుమలో గాలి, మూడో కనుమలో మంచు. నాలుగో కనుమ దాటాక గుర్రం ఇక కదలనంది. దాన్ని ఒక కాపరి ఇంట్లో వదిలి కాలినడకన ఐదో కనుమ ఎక్కాడు. అక్కడ ఒక జడలబర్రె ముళ్ళపొదలో చిక్కుకుని ఉంది. దాని పొడుగాటి జుట్టు ముళ్ళకి చుట్టుకుపోయింది. మణికీర్తి కింద కూర్చుని, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కో పాయా ఓపిగ్గా విడదీశాడు.

ఆ జడలబర్రె ఒళ్ళు దులుపుకుని, "నా పేరు గుబురమ్మ" అంది. "నీ పోలికే ఉన్న మీ అన్నలూ ఇటే వెళ్ళారు. నెలకి ఒక్కసారైనా ఈ పొదలో చిక్కుకోకపోతే నాకు తోచదు. ఒకాయన చూడనట్టు పోయాడు. ఇంకొకాయన కత్తి తీసి జుట్టు కోసేయబోయాడు. ఈ చలిలో జుట్టు లేకపోతే నా గతేం కాను? నువ్వు నా వీపెక్కు, వెండికోనలో దింపుతాను."

వెండికోనలో కొయ్య ఇళ్ళ కప్పుల మీద పలకరాళ్ళు పేర్చి ఉన్నాయి. ఒక ఇంటి మెట్ల మీద ఒకమ్మాయి పొడుగాటి కొమ్ముబూరని కిందికి చాచి పట్టుకుని బుగ్గలు పొంగించి ఊదుతోంది. కానీ చిన్న చప్పుడైనా రావడం లేదు. ఆమె ఊరి పెద్దగారి కూతురు ధవళ.

"శబ్దం రావడం లేదేం?" అని అడిగాడు మణికీర్తి.

"శబ్దం మంచుకోటలో ఉందండీ. నేను రోజూ ఊదుతూనే ఉన్నాను, తిరిగొచ్చేసరికి ఊపిరి మర్చిపోకూడదని" అంది ధవళ. మణికీర్తి తానెవరో, అన్నలు వచ్చి వెళ్ళిన సంగతీ చెప్పాక, జరిగిందంతా చెప్పింది. మూడేళ్ళ కిందట హిమకంటకుడనే మాంత్రికుడు జాతరకి వచ్చాడట. అందరికన్నా ముందు నిలబడి చప్పట్లు కొట్టాడట. "ఇంత అందాన్ని ఇంతమంది చూడటం దండగ. నేనొక్కణ్ణే చూసుకుంటాను" అని జలపాతాన్ని సొరబుర్రలోకి పట్టాడు. పూలవాలుని చాపలా చుట్టాడు. బూరల శబ్దాన్ని సంచిలో ముడివేశాడు. మూడూ పెట్టెలో పెట్టుకుని కొండ మీద మంచుకోటకి పోయాడు.

"అప్పటి నుంచీ ఊరికి చుట్టాలే లేరు. మీ అన్నగార్లు ఊళ్ళోకైనా రాలేదు. అదిగో, ఆ మలుపులో నిలబడి చూసి వెనక్కి తిరిగారు" అంది.

మణికీర్తి మర్నాడు పొద్దున్నే మంచుకోటకి వెళ్ళాడు. హిమకంటకుడు ఏడు కంబళ్ళు కప్పుకుని, పళ్ళు టకటకలాడుతూ కూర్చున్నాడు. పక్కనే పెట్టె ఉంది. అందులోవి తిరిగిమ్మని మణికీర్తి అడిగాడు.

"నేను చెప్పిన మూడు పనులు చేస్తే పెట్టెలో మూడూ ఇచ్చేస్తాను. ఒక్కటి తప్పినా నిన్నూ మడిచి ఇందులోనే పెట్టుకుంటాను. ఒప్పుకుంటావా?" అన్నాడు మాంత్రికుడు.

మణికీర్తికి గోడవైపు తిరిగిన తండ్రి వీపు గుర్తొచ్చింది. "ఒప్పుకున్నాను" అన్నాడు.

"మొదటిది. కొండ కింద వేడినీటి గుండం ఉంది. ఆ నీళ్ళు పొగలు పోకుండా ఇక్కడికి తే. నా పాదాలు గడ్డకట్టిపోతున్నాయి."

గుండం నుంచి కోటకి సగం రోజు నడక. ధవళ ఒక సొరబుర్ర ఇచ్చి, దాని చుట్టూ ఉన్ని దట్టంగా చుట్టింది. గుబురమ్మ, "దాన్ని నా పొట్టకింది జుట్టులో కట్టు. అక్కడ వేసవి ఎప్పుడూ పోదు" అంది.

మణికీర్తి గుండంలో నీళ్ళు ముంచుతుంటే పక్క గుహలోంచి "చలి, చలి" అని గొంతు వినిపించింది. లోపల గూట్లో ఒక పచ్చచిలక ముడుచుకుని కూర్చుంది. అతను నడుముకి కట్టుకున్న మూటలోంచి ఎండు ఖర్జూరం తీసి పెట్టాడు.

"పండు మొహం చూసి ఏడేళ్ళయింది" అంది చిలక, తింటూనే. "చిలకని తెచ్చి మంచుకొండలో పెట్టేవాణ్ణి ఎక్కడైనా చూశావా? హిమకంటకుడు తన ప్రాణం నాలో దాచాడు. నాకు చలేస్తే వాడికీ చలేస్తుంది. అంత చిన్న సంగతి వాడికి తట్టదు. ఏడు కంబళ్ళూ వాడే కప్పుకుంటాడు."

"మళ్ళీ వస్తాను" అని మణికీర్తి నీళ్ళతో కొండెక్కాడు. కోటలో బుర్ర మూత తియ్యగానే ఆవిరి గుప్పుమని లేచింది. మాంత్రికుడు పాదాలు ముంచి మొహం చిట్లించాడు. నీళ్ళు వేడిగానే ఉన్నా పాదాలు మాత్రం వెచ్చబడలేదు.

"రెండోది. కేకల లోయలో ఏమన్నా కొండ బదులు పలుకుతుంది. ఆ బదులు పలికే గొంతుని బుట్టలో పెట్టి తే" అన్నాడు.

మణికీర్తి ఊళ్ళోకి దిగి ధవళతో అంతా చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించి నవ్వింది. "లోయదాకా ఎందుకండీ, గుహదాకా వెళ్తే చాలదూ?" అంది. ఇద్దరూ గుహకి వెళ్ళారు. ధవళ బుట్ట అడుగున గుండంలో కాగిన రాయి పెట్టి, పైన ఉన్ని పరిచింది. చిలక లోపలికి దూకి, "ఇక్కడి నుంచి నన్ను లేపకండి" అని కళ్ళు మూసుకుంది. ఖర్జూరాలు చూపించి, ఏం చెయ్యాలో దానికి నేర్పారు.

బుట్టతో మణికీర్తి కోటలోకి అడుగు పెట్టేసరికి హిమకంటకుడు నాలుగు కంబళ్ళు తీసేసి ఉన్నాడు. "ఇవాళ ఇంత ఉక్కగా ఉందేమిటి?" అంటూ ఐదోదీ తీసేశాడు. బుట్టవైపు వంగి, "ఎవరక్కడ?" అన్నాడు.

"ఎవరక్కడ?" అంది బుట్ట.

"నేను హిమకంటకుణ్ణి."

"నేను హిమకంటకుణ్ణి."

మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాగుంది, అచ్చం నాలాగే ఉంది. మూత తియ్యి, చూద్దాం."

మణికీర్తి మూత తీశాడు. పచ్చగా, వెచ్చగా చిలక కూర్చుని ఉంది. హిమకంటకుడి నవ్వు నోట్లోనే ఆగిపోయింది. చెయ్యి చాచబోయాడు గానీ, చిలక అప్పటికే మణికీర్తి భుజమెక్కింది.

"మూడో పని నేను చెప్తాను. పెట్టె తెరవండి" అన్నాడు మణికీర్తి.

మాంత్రికుడు పెట్టె తెరిచాడు. సొరబుర్రలోంచి జలపాతం ఒక్క ఉరుకున కొండకొమ్ము ఎక్కి అక్కణ్ణుంచి దూకింది. పూలవాలు దొర్లుకుంటూ కిందికి పరుచుకుపోయింది. సంచి ముడి విప్పగానే, ఊళ్ళో మెట్ల మీద కూర్చుని ఊదుతున్న ధవళ బూర ఒక్కసారిగా మోగింది. లోయలోని ప్రతి ఇంటి తలుపూ తెరుచుకుంది.

హిమకంటకుడు తల వంచుకున్నాడు. "ఇక దాని మెడ విరిచేస్తావు కదా" అన్నాడు సన్నగా.

"ఈ చిలక నాకేం కీడు చేసింది? మా ఊళ్ళో జామతోట ఉంది, దీన్ని అక్కడ ఉంచుతాను. మీరూ రండి. దీనికి ఏ కాయ పండిందో చూసి కోసిపెట్టే పని మీదే. మళ్ళీ మంత్రం జోలికి వెళ్తే ఇది మీ కంటికి కనబడకుండా నా అంతఃపురంలో పెరుగుతుంది" అన్నాడు మణికీర్తి. మాంత్రికుడు మిగిలిన రెండు కంబళ్ళు మడిచి చంకలో పెట్టుకుని వెంట నడిచాడు.

చూపు పూర్తిగా పోకముందే విశాలవర్మ పల్లకీలో వెండికోన చేరాడు. ఆఖరి మలుపు గుబురమ్మ మీద ఎక్కాడు. జలపాతం ఎదురుగా నిలబడి చాలాసేపు చూశాడు. తుంపర గడ్డం మీంచి కారుతున్నా తుడుచుకోలేదు. "మా అమ్మ ఆ రాయి మీద కూర్చుంది. నేను పడిపోతానని నా చొక్కా పట్టుకుంది" అన్నాడు. ఆ రోజు జాతరలో ఆయన కూడా ఒక కొయ్యముఖం తగిలించుకుని నాలుగడుగులు వేశాడు. పెద్ద కొడుకులిద్దరూ తలలు వంచుకుని వచ్చి, "మేము మలుపులోనే ఆగిపోయాం నాన్నగారూ, క్షమించండి" అన్నారు. "ఇప్పుడొచ్చారుగా, ముందుకెళ్ళి చూడండి" అన్నాడాయన.

మణికీర్తి పూలవాలు మీద ధవళ పక్కన కూర్చున్నాడు. "మా ముత్యాలరేవులో మంచు ఉండదు" అన్నాడు మెల్లగా.

"కొమ్ముబూర ఊదడానికి చోటుంటుందా?"

"సముద్రమంత చోటుంది."

"అయితే మా నాన్నగారిని అడగండి" అంది ధవళ.

ఊరి పెద్ద సంతోషంగా ఒప్పుకున్నాడు. ఏడు రోజులు పెళ్ళి జరిగింది. పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ జున్నూ, తేనె వేసిన రొట్టెలూ పెట్టారు. గుబురమ్మకి మెడలో పూలదండ వేస్తే, అది సగం దండ తినేసి మిగతాది వేసుకుంది.

తరవాత అన్నలే పట్టుబట్టి తమ్ముడికి పట్టాభిషేకం చేయించారు. మణికీర్తి ఏడు కనుమల్లోనూ సత్రాలు కట్టించి, పేదా గొప్పా అనకుండా ఎవరైనా వచ్చి చూసిపోయేలా దారి వేయించాడు. అతనూ ధవళా నలభై ఏళ్ళు రాజ్యం చేశారు. వాళ్ళ కాలంలో ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరలేదు, ఏ బాటసారీ దారి తప్పలేదు. వాళ్ళ పిల్లలూ, పిల్లల పిల్లలూ చల్లగా బతికారు. మీరూ అలాగే బతకండి.