ఒక చెప్పు అటు, ఒక చెప్పు ఇటు

కాలవ మీద వంతెన లేని కాలం. ఊళ్ల మధ్య బళ్లబాట తప్ప రోడ్డెరగని కాలం. ఆ కాలంలో మావైపు క్రైస్తవులు ఏటా ఎండల్లో ఇసుకతిప్ప మీద తాటాకు పందిరి వేసి కళల పండుగ చేసేవారు. కోలాటం, తప్పెటపాట, క్రీస్తు పుట్టుక నాటకం. పండుగ మూడు రోజులు.

ఒక ఏడు ఆ పండుగకు రిబ్కమ్మ వచ్చింది. కూలి చేసుకుని బతికే మనిషి. భర్త లేడు. చంకలో మూడేళ్ల మిర్యాము. అంతకుముందు ఏడాది బిడ్డ జ్వరంతో కళ్లు తేలేస్తే, "ప్రభువా, దీన్ని నిలబెట్టు. పందిట్లో పరిచర్య చేస్తాను" అని మాటిచ్చింది. బిడ్డ నిలబడింది. మాట తీర్చడం మిగిలింది.

వంటల దగ్గరికి వెళ్లింది. "నాకో పని ఇవ్వండమ్మా."

"పొయ్యిల దగ్గర పిల్లేమిటే? వెళ్లు."

నీళ్ల కాగుల దగ్గరికి వెళ్లింది. "నాకో పని ఇవ్వండయ్యా."

"అది చేతులు ముంచేస్తుంది. వెళ్లు."

వేషాల పాకలోకి వెళ్లింది. "నాకో పని ఇవ్వండయ్యా."

"అదిగో, అప్పుడే దేవదూత రెక్క పీకింది! ముందు దాన్ని తీసుకుపో!"

చివరికి సంఘపెద్ద యోబయ్య ఎదుట నిలబడింది.

"పిల్లను ఎవరికైనా అప్పగించి రా," అన్నాడాయన.

"ఎవరున్నారయ్యా? మాటిచ్చిందే దీనికోసం. దీన్ని వదిలేసి ఎలా తీర్చను?"

యోబయ్య తల గోక్కున్నాడు. "సరే. గుమ్మంలో చెప్పులు కాపలా కాయి. ఒక్క చెప్పు పోయిందా, ఇద్దరూ ఇంటికే."

గుమ్మానికి కుడివైపు గట్టుపేట చెప్పులు, ఎడమవైపు కాలవపేట చెప్పులు. ఎవరి కోలాటం ముందు అని రెండు పేటలవాళ్లూ ఏనాడో తగువు పడ్డారు. అప్పటినుంచి మాటల్లేవు. చెప్పులు కూడా కలవకూడదు. గట్టుపేట కోలాటం గురువు షద్రకు, కాలవపేట గురువు మీకాయ. ఇద్దరూ ఒకే వీధిలో ఎదురుపడితే ఒకరు వెనక్కి తిరగాల్సిందే.

ఆఖరి రోజు పందిట్లో కోలాటం మంచి ఊపులో ఉంది. రిబ్కమ్మకు కోలాటమంటే ప్రాణం. తాటాకుల సందులో కన్ను పెట్టింది. ఒక్క పాట చూసింది. అంతే.

తిరిగి చూస్తే మిర్యాము అటునుంచి ఒక చెప్పు, ఇటునుంచి ఒక చెప్పు తెచ్చి పక్కపక్కన పెట్టేసింది. అన్నీ!

"ఏం చేశావే!"

"మాట్లాడుకుంటున్నాయమ్మా."

అంతలో జనం బయటికొచ్చారు. మిట్టమధ్యాహ్నం. ఇసుక పేలాల మంగలంలా ఉంది. కాళ్లు కాలి, దొరికిన చెప్పుల్లో కాళ్లు దూర్చారు. ప్రతివాడికీ ఒకటి తనది, ఒకటి అవతలి పేటది.

"నీ కాలికున్నది నాదయ్యా," అన్నాడు షద్రకు.

"నీ కాలికున్నదీ నాదే," అన్నాడు మీకాయ.

మార్చుకోవాలంటే ఒంటికాలి మీద నిలబడాలి. ముసలి కాళ్లు నిలబడవు. ఒకడి భుజం ఒకడు పట్టుకున్నారు. పందిరి ముందంతా అదే గెంతులాట.

"కోలాటం అయిపోయిందనుకున్నాం. బయట మొదలైందే!" అన్నదొక ముసలమ్మ.

ముందు మీకాయ నవ్వాడు. షద్రకు నవ్వకూడదని పళ్లు బిగించాడు. ఆగలేదు.

యోబయ్య మాత్రం నవ్వలేదు. "పిల్లతో పరిచర్య వద్దన్నానా! ఇంటికి నడువు!"

రిబ్కమ్మ బిడ్డను చంకనేసుకుంది.

"ఆగవయ్యా," అన్నాడు షద్రకు. అతని చెయ్యి ఇంకా మీకాయ భుజం మీదే ఉంది. "ఒక్క చెప్పు పోయిందా?"

యోబయ్య చుట్టూ చూశాడు. "పోలేదు."

"మరెందుకు పంపుతావు?"

ఆ పూట రెండు పేటలూ ఒకే బంతిలో భోంచేశాయి. రిబ్కమ్మ బతికున్నన్నాళ్లూ ఆ గుమ్మం వదల్లేదు.

ఆమె పోయాక వచ్చిన పండుగకు గుమ్మం ఖాళీగా ఉంది. ఎవరికీ లోపలికి వెళ్ల బుద్ధి కాలేదు. మిర్యాము తన బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఒక చెప్పు అటు విడిచింది, ఒక చెప్పు ఇటు విడిచింది. వెనకవాళ్లూ అలాగే విడిచారు.

ఇప్పుడు రోడ్డొచ్చింది, బూట్లొచ్చాయి. అయినా ఆఖరి రోజు ఒకటి అటు, ఒకటి ఇటు విడవాల్సిందే. చంటిబిడ్డతో వచ్చిన తల్లికే మొదటి పని ఇవ్వాల్సిందే. ఇంట్లో ఇద్దరు మాటలు మానేస్తే మావైపు పెద్దలు ఇప్పటికీ ఒకటే అంటారు:

"చెప్పులు మార్చుకోండర్రా. ఇసుక కాలుతోంది."